సాక్షిని చూడని హైకోర్టు ఆమె మాటను ఎలా తూస్తుంది?

కొత్తకోటు (ప్రశ్న)

అత్యాచారం కేసుల అప్పీలు తీర్పులు వరసపెట్టి చదువుతున్నాను. పంజాబ్ రాష్ట్రం వర్సెస్ గుర్మీత్ సింగ్ (1996) చదివితే, బాధితురాలి మాట నమ్మదగ్గదైతే అదొక్కటే చాలు, ఇంకో ఆసరా వెతకనక్కర్లేదు అని అర్థమైంది. వెంటనే రాయ్ సందీప్ (2012), సంతోష్ ప్రసాద్ (2020) తీస్తే ఆమె 'స్టెర్లింగ్ విట్నెస్' అయి ఉండాలి, ఎక్కడా బీట ఉండకూడదు అన్నట్టుంది. మూడూ సుప్రీంకోర్టువే. హైకోర్టులో వాదించేటప్పుడు ఏది పట్టుకోవాలి?

ఇంకో సందేహం. సెషన్స్ జడ్జి ఆమెను బోనులో చూశారు, గొంతు విన్నారు. హైకోర్టు చేతికొచ్చేది టైపు కాగితాల కట్ట. అందులోంచి నిజం చెప్పిందో లేదో ఎలా తేలుస్తారు?

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక కల్పిత కేసు పెడుతున్నాను. బాధితురాలు పీడబ్ల్యూ 1 (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి), పెద్దవయసు మనిషి, మైనర్ కాదు. ఫిర్యాదు నాలుగో రోజున ఇచ్చారు. ఫిర్యాదులో రాత్రి 8 గంటలని ఉంది, కోర్టులో 10 అంది. ఫిర్యాదులో కత్తి మాట లేదు, చీఫ్‌లో (ప్రాసిక్యూషన్ లాయరు అడిగినప్పుడు) "కత్తి చూపించాడు" అంది. డాక్టరు ఒంటిమీద గాయాలు లేవన్నారు. ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టులో ఏమీ రాలేదు. ముద్దాయి ఇంటివాళ్లతో పొలం గట్టు తగాదా ఉందని డిఫెన్స్ వాదన. ఇది అప్పీలుకు వెళ్తే ఏమవుతుంది?

పేపర్‌బుక్

ఆ అప్పీలు ఎవరు వేశారో చెప్పలేదు మీరు. సగం జవాబు అక్కడే ఉంది.

శిక్ష పడినవాడు వేస్తే (పాత కోడ్ సీఆర్‌పీసీలో సెక్షన్ 374, దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 415, సెషన్స్ శిక్ష మీద హైకోర్టుకు గడువు 60 రోజులు) హైకోర్టు ప్రతి సాక్షి వాంగ్మూలాన్నీ తానే మళ్లీ చదివి, తానే తూచి, తన కారణాలు తాను రాయాలి. పదం సింగ్ (2000) తీర్పు ఈ సంగతి గట్టిగా చెప్పింది. "కింది కోర్టు నమ్మింది, జోక్యం చేసుకోడానికి కారణం కనిపించడం లేదు" అని రెండు పేరాల్లో తేల్చేసిన తీర్పు పైకి వెళ్తే నిలవడం కష్టం. లాయరు రాకపోయినా సరే, రికార్డు చూడకుండా అప్పీలు కొట్టేయడానికి వీల్లేదని బనీ సింగ్ (1996) ఉంది.

సెషన్స్ కోర్టు వదిలేస్తే, దాని మీద ప్రభుత్వం (378; ఇప్పుడు 419) గానీ, బాధితురాలు (372 ప్రొవైజో; ఇప్పుడు 413) గానీ అప్పీలుకు రావచ్చు. ప్రభుత్వానికి హైకోర్టు అనుమతి కావాలి. బాధితురాలికి అక్కర్లేదని మల్లికార్జున్ కొడగలి (2018) తేల్చింది. ఇక్కడ హైకోర్టు అధికారం ఏమీ తగ్గదు, సాక్ష్యం అంతా మళ్లీ చదవొచ్చు. తగ్గేది చొరవ. చంద్రప్ప (2007) చెప్పే లెక్క ఏమిటంటే, ముద్దాయికి మొదట్నుంచీ ఉన్న నిర్దోషి అనే ఊహ, విడుదల తీర్పుతో ఇంకా గట్టిపడుతుంది. సాక్ష్యం మీద రెండు రకాల అభిప్రాయాలకు చోటుండి, కింది కోర్టు అందులో ఒకటి తీసుకుంటే, రెండోది మాకు నచ్చింది కాబట్టి మారుస్తాం అనడానికి లేదు. దీనికి మూలం 1934 నాటి షియో స్వరూప్, ప్రీవీ కౌన్సిల్ తీర్పు. సాక్షుల్ని కళ్లారా చూసిన జడ్జి కనుక్కున్న విషయాన్ని పై కోర్టు తొందరపడి కదపకూడదన్న మాట అక్కడ్నుంచే వచ్చింది.

అంటే మీ కల్పిత కేసులో అక్షరం మారకుండా, శిక్ష పడి ఉంటే శిక్షా, విడుదలై ఉంటే విడుదలా రెండూ హైకోర్టులో నిలిచే అవకాశం ఉంది. చాలామంది దీన్ని న్యాయమూర్తుల గాలివాటం అనుకుంటారు. ప్రశ్నే వేరైనప్పుడు జవాబు వేరవుతుంది మరి.

అయితే గుర్మీత్ సింగ్ కూడా విడుదల మీద వచ్చిన అప్పీలే. సుప్రీంకోర్టు దాన్ని తిరగేసి 5 ఏళ్ల శిక్ష వేసింది. ఎందుకు? కింది కోర్టు ఆ పిల్లను నమ్మకపోవడానికి చెప్పిన కారణాలు చూడండి. తనను ఎక్కించుకుపోయిన కారు ఫియట్టో అంబాసిడరో చెప్పలేకపోయింది. కారు బస్సు అడ్డా మీదుగా వెళ్తున్నప్పుడు కేకలు వెయ్యలేదు. పరీక్షకు వెళ్లి తోటి పిల్లలతో చెప్పలేదు. ఇవి 'ఇంకో అభిప్రాయం' కిందికి రావు, సాక్ష్యాన్ని చదవడం రాకపోవడం కిందికి వస్తాయి. పల్లెటూరి పదో తరగతి పిల్లకు కార్ల మోడళ్లు తెలియకపోవడానికీ ఆమె నిజాయితీకీ ముడి పెట్టారు. కాబట్టి విడుదల మీద అప్పీలు రాసేటప్పుడు "ఆమెను నమ్మాల్సింది" అని రాస్తే లాభం లేదు. నమ్మకపోవడానికి జడ్జి చెప్పిన ఒక్కో కారణాన్నీ విడివిడిగా తీసుకుని, అది ఎందుకు కారణమే కాదో చూపించాలి.

ఇక కళ్లారా చూడటం సంగతి. సాక్షి బోనులో ఎలా ప్రవర్తించిందో జడ్జి అక్కడికక్కడే రిమార్కు రాయొచ్చు (280, ఇప్పుడు 315). "సాక్షి కాసేపు మాట్లాడలేకపోయింది, నీళ్లిచ్చి మళ్లీ మొదలుపెట్టాం" లాంటివి. డిపాజిషన్లలో (కోర్టులో రాసుకున్న సాక్షి వాంగ్మూలాల్లో) ఇవి చాలా అరుదు. డిపాజిషన్‌లో లేకుండా, నెలల తర్వాత తీర్పులో "ఆమె తీరు నాకు సహజంగా అనిపించింది" అని రాస్తే హైకోర్టు దానికిచ్చే బరువు తక్కువ. ఇంకోటి మర్చిపోకండి: సాక్ష్యం విన్న జడ్జి బదిలీ అయి, కొత్తగా వచ్చినవారు ఆ రికార్డు మీదే తీర్పు రాయొచ్చు (326, ఇప్పుడు 365). అలాంటప్పుడు సెషన్స్ జడ్జి కూడా చూసింది కాగితాలే. అప్పీలు కాగితం అందగానే చీఫ్, క్రాస్ (ఎదుటి లాయరు ప్రశ్నలు) రాసుకున్న జడ్జి, తీర్పు రాసిన జడ్జి ఒకరేనా అని సంతకాలు చూసుకోండి. 'చూసిన జడ్జికి గౌరవం' అన్న వాదన ఒక్కోసారి ఆ సంతకం దగ్గరే ఆగిపోతుంది.

డీ1_మార్క్

పైనాయన చెప్పింది సిద్ధాంతం. హైకోర్టులో గంటసేపు వాదన నడిచేది మాత్రం కత్తి మీద. దాన్ని విప్పుతాను.

కత్తి ఫిర్యాదులో లేదు, కోర్టులో ఉంది. దీన్ని ఒమిషన్ అంటాం. ముందు ఒకటి చెప్పింది, కోర్టులో దానికి ఎదురు చెప్పింది అంటే అది కాంట్రడిక్షన్. ఒమిషన్ కూడా ముఖ్యమైన విషయంలో ఉంటే కాంట్రడిక్షన్ కిందే లెక్క. 162 కింద ఉన్న వివరణ (ఇప్పుడు 181) ఆ మాటే చెప్తుంది. తహసీల్దార్ సింగ్ (1959) ఈ విషయంలో పెద్ద తీర్పు. చదవడానికి కష్టంగా ఉంటుంది, అయినా చదవాలి.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. పోలీసులు రాసుకున్న 161 స్టేట్‌మెంట్ (ఇప్పుడు 180) ఫైల్లో ఉంటే సరిపోదు. దాన్ని సాక్షి ముందు పెట్టాలి. ఆ భాగాన్ని ఆమెకు చదివి వినిపించి, "పోలీసులకు ఇలా చెప్పారా?" అని అడగాలి. ఒప్పుకుంటే అక్కడే రుజువైనట్టు. కాదంటే ఆ వాక్యాన్ని మాత్రమే ఎక్స్ డీ1గా (డిఫెన్స్ మొదటి ఎగ్జిబిట్‌గా) గుర్తు పెట్టించాలి, తర్వాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు "పీడబ్ల్యూ 1 మీ ముందు ఎక్స్ డీ1లో ఉన్నట్టు చెప్పారా?" అని ఆయన నోట రాబట్టాలి. ఒమిషన్ అయితే ఇద్దరినీ అడగాలి: ఆమెను "కత్తి సంగతి పోలీసులకు చెప్పలేదు కదా" అని, ఆయన్ను "పీడబ్ల్యూ 1 కత్తి సంగతి మీకు చెప్పారా" అని. రెండో ప్రశ్న మర్చిపోతే మొదటిది గాల్లో ఉండిపోతుంది. డిపాజిషన్‌లో "పోలీసులకు నేను చెప్పలేదనడం నిజం కాదు" అన్న వాక్యం ఒక్కటే మిగులుతుంది. అది ముద్దాయికి ఏమీ చెయ్యదు. అలా రుజువు కాని 161 స్టేట్‌మెంట్‌ను కోర్టు తనంతట తాను తీసి సాక్షి మీద వాడకూడదని వీకే మిశ్రా (2015) స్పష్టంగా చెప్పింది. అప్పీల్లో కొత్తగా మార్కు చేయించడానికి దారి దాదాపు ఉండదు.

రుజువైందనుకుందాం. అప్పుడు హైకోర్టు ఆ ఒమిషన్‌ను ఎలా కొలుస్తుంది? ఆమెకు చెప్పడానికి ఎన్ని సందర్భాలొచ్చాయో చూస్తుంది. ఫిర్యాదు ఒకటి, 161 ఒకటి, మేజిస్ట్రేటు ముందు 164 (ఇప్పుడు 183) ఒకటి, డాక్టరు రాసుకున్న హిస్టరీ ఒకటి. నాలుగింట్లోనూ కత్తి లేక, కోర్టులో మొదటిసారి పుడితే దాన్ని ఇంప్రూవ్‌మెంట్ అంటారు, పక్కన పెట్టేస్తారు. 164లో ఉండి ఫిర్యాదులో మాత్రమే లేకపోతే ఎవరూ పట్టించుకోరు. ఫిర్యాదు అంటే అన్నీ ఉండాల్సిన గ్రంథం కాదు కదా. ఫిర్యాదు ఎవరు రాశారో కూడా చూడండి. వేరేవాళ్లు రాసి ఆమె వేలిముద్ర వేసి ఉంటే, ఆ రాసినవాణ్ని ప్రాసిక్యూషన్ విచారించిందా?

కత్తి తీసేశాక కథ నిలబడుతుందా అన్నది ఆ తర్వాతి ప్రశ్న, నా లెక్కలో అసలు ప్రశ్న అదే. ఆమె వద్దందని, గుమ్మం అడ్డం పెట్టాడని, చంపేస్తానన్నాడని మొదట్నుంచీ ఉంటే కత్తి పోయినా కేసు పోదు. ఎదురు తిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని 2013 నుంచి చట్టంలోనే ఉంది (ఐపీసీ 375 కింద రెండో వివరణ, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్‌లో 63). అలాకాక సెషన్స్ జడ్జి "కత్తి భయంతో మిన్నకుండిపోయింది" అన్న ఒక్క వాక్యం మీదే సమ్మతి లేదని తేల్చి ఉంటే, కత్తి పోతే ఆ వాక్యమూ పోతుంది. తీర్పులో ఆ వాక్యం ఎక్కడుందో వెతకండి.

8 గంటలా 10 గంటలా అన్నది వదిలేయండి. భర్వాడా భోగిన్‌భాయ్ (1983) ఇలాంటి తేడాలు ఎందుకొస్తాయో వరసగా రాసింది: మనిషి బుర్ర వీడియో టేపు కాదు, టైము ఎవరైనా అంచనాగానే చెప్తారు, కోర్టు వాతావరణానికీ గుచ్చిగుచ్చి అడిగే క్రాస్‌కూ బెదిరి వరస తప్పుతారు. అయితే ముద్దాయి ఆ టైములో వేరే ఊళ్లో ఉన్నానంటే, ఆ 2 గంటలే కేసంతా అయి కూర్చుంటాయి.

పొద్దుపోయాక

ఆ 8కీ 10కీ ఇంకో కారణం ఉండొచ్చు. ఎవరూ దాన్ని అడగరు, అందుకే రాస్తున్నాను.

ఆమె అసలు అన్న మాట "పొద్దుపోయాక" కావచ్చు. ఫిర్యాదు రాసినవాడికి అది 8. కోర్టులో "అందరూ పడుకున్నాక" అంటే జడ్జి గారు ఇంగ్లీషులో 10 అని చెప్పి టైపు చేయించి ఉండొచ్చు. మన దగ్గర సాక్షి తెలుగులో చెప్తుంది, జడ్జి ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు, స్టెనో కొడతారు. హైకోర్టు ఆ ఇంగ్లీషును ఆమె మాటే అనుకుని తూస్తుంది.

అసలు చట్టం ఏమంటుందంటే, సాక్షి మాట్లాడిన భాషలోనే సాక్ష్యం రాయాలి, వీలుకాకపోతే కోర్టు భాషలో సరైన అనువాదం సిద్ధం చేయాలి (277, ఇప్పుడు 312). నయీం అహమ్మద్ (2023) తీర్పులో సుప్రీంకోర్టు సాక్షి తన భాషలో చెప్తే ఇంగ్లీషులో మాత్రమే రాసుకోవడాన్ని తప్పుపట్టి, ఈ సెక్షన్ పాటించమంది. కారణం కూడా చెప్పింది: తర్వాత ఆ మాటల మీదే వాదన నడిచినప్పుడు సాక్షి నోటి మాట కళ్లముందుండాలి.

అత్యాచారం కేసుల్లో దీని నష్టం ఎక్కువ. ఆడవాళ్లు ఈ సంగతి నేరుగా చెప్పరు. "పాడు చేశాడు", "బలవంతం చేశాడు", "తప్పుగా ప్రవర్తించాడు", "మీద చెయ్యి వేశాడు". వీటిలో దేనికి ఏ అర్థమో ఊరినిబట్టి, మనిషినిబట్టి మారుతుంది. "పాడు చేశాడు" అన్నది ఒకచోట 'రేప్' అనీ, ఇంకోచోట 'మిస్‌బిహేవ్' అనీ ఇంగ్లీషులోకి వెళ్తే, అప్పీల్లో డిఫెన్స్ వాటిని పక్కపక్కన పెట్టి "చూడండి, కథ పెంచుకుంటూ వచ్చింది" అంటుంది. ఆ తేడా అనువాదం చేసినవాడిది, ఆమెది కాదు.

క్రాస్‌లో ఇంకో గుంట ఉంది. "మీరు కేకలు వెయ్యలేదు కదా?" అని అడిగితే తెలుగులో "ఆఁ" అన్నా, "లేదు" అన్నా ఒకటే అర్థం, వెయ్యలేదని. "లేదండీ, వేశాను" అనేవాళ్లూ ఉంటారు. మొదటి మాట వినగానే టైపు మొదలైతే రెండోది పోతుంది.

అప్పీలు తయారుచేసేటప్పుడు ఇంగ్లీషు పేపర్‌బుక్ (అప్పీలుకు కట్టిన రికార్డు కాపీ) ఒక్కటే చదివి ఊరుకోకండి. తెలుగు ఫిర్యాదు ఒరిజినల్ తెప్పించుకోండి. మేజిస్ట్రేటు 164ను తెలుగులోనే రాసి ఉంటే, రికార్డులో ఆమె సొంత మాటలకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది అదే. డిపాజిషన్ చివర సాక్షికి చదివి వినిపించి ఒప్పించుకున్నట్టు (278, ఇప్పుడు 313) రాసి ఉందో లేదో చూడండి.

లీగల్‌ఎయిడ్‌బల్ల

మిగిలిన నాలుగు సంగతులు నేను తీసుకుంటాను.

ఆలస్యం. నాలుగు రోజులు దానంతట అది ఏ కేసునూ చంపదు. పెద్దమనుషుల్లో పెట్టారు, ఇంట్లో మగవాళ్లు ఊళ్లో లేరు, పరువని ఆగారు అంటే కోర్టులు ఒప్పుకుంటాయి. గుర్మీత్ సింగ్‌లో కూడా పంచాయితీ ప్రయత్నం జరిగాకే ఫిర్యాదు వెళ్లింది. కేసును దెబ్బతీసేది ఆలస్యం కాదు, దానికి రికార్డులో కారణం లేకపోవడం. చీఫ్‌లో పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) ఒక్క ప్రశ్న అడగాలి: ఆ నాలుగు రోజులూ ఏం జరిగింది? అడక్కపోతే అప్పీల్లో ప్రభుత్వ న్యాయవాది తన ఊహ చెప్పుకోవాల్సి వస్తుంది, ఊహ సాక్ష్యం కాదు. పంచాయితీ అంటే కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకర్నైనా విచారించాలి. ఎఫ్ఐఆర్ కాపీ మేజిస్ట్రేటుకు చేరిన టైము ఆ కాగితం మీదే ఉంటుంది, అది కూడా చూడండి. స్టేషన్లో ఉదయం కేసు కట్టామని చెప్పి కాపీ మర్నాడు చేరితే, మధ్యలో ఏం రాసుకున్నారన్న అనుమానం డిఫెన్స్‌కు దొరుకుతుంది.

గాయాలు. గాయాల్లేవు కాబట్టి ఒప్పుకుంది అన్నది తుకారాం కేసులో (1979 రిపోర్టు) సుప్రీంకోర్టు పట్టుకున్న దారి. అక్కడ సెషన్స్ వదిలేసింది, బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 'భయంతో లొంగడం వేరు, ఒప్పుకోవడం వేరు' అని శిక్షించింది, సుప్రీంకోర్టు మళ్లీ వదిలేసింది. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు బహిరంగ లేఖ రాశారు, దేశమంతా గొడవైంది, 1983లో చట్టం మారి సాక్ష్య చట్టంలో 114ఏ వచ్చింది (ఇప్పుడు కొత్త సాక్ష్య చట్టం బీఎస్ఏలో 120). కస్టడీలో జరిగినవీ, ఇంకొన్ని తీవ్రమైన రకాలూ అయిన కేసుల్లో సంభోగం రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె బోనులో చెప్తే, ఒప్పుకోలేదనే కోర్టు ఊహించాలి. మీ కల్పిత కేసు మామూలు రకం కాబట్టి 114ఏ వర్తించదు. అయినా గాయాల్లేకపోవడం ఒక్కటే చాలదు.

ఎఫ్ఎస్ఎల్. నాలుగో రోజు ఫిర్యాదు, తర్వాత వైద్యపరీక్ష. 2014 నాటి కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల ప్రకారమే 72 గంటలు దాటితే ఆనవాళ్లు దొరికే అవకాశం బాగా పడిపోతుంది, 96 గంటల దాకా సేకరించే ప్రయత్నం చేయమంటారు. స్నానం, బట్టలు ఉతకడం సరేసరి. కాబట్టి ఇక్కడ నెగెటివ్ రిపోర్టు ఎటూ మొగ్గదు. అదే 6 గంటల్లో పరీక్ష జరిగి, ఆమె చెప్పిన తీరుకు వైద్యం పూర్తిగా ఎదురొస్తే అప్పుడు సంతోష్ ప్రసాద్ దారి. అక్కడ వైద్యం ఆసరా ఇవ్వలేదు, పైగా భూమి తగాదా ఉంది.

గట్టు తగాదా. రెండువైపులా కోసే కత్తి అంటారు కదా, అదే. దానికోసం ఒక ఆడమనిషి ఇంత మచ్చ మీదేసుకుంటుందా అని ఒక వాదన, దానికోసమే ఇరికించారని ఇంకో వాదన. కోర్టు చూసేది కాగితం: ఆ తగాదాకు సివిల్ సూట్ నంబరుందా, ఏ తేదీ, ఫిర్యాదుకు ఎంత దగ్గర? క్రాస్‌లో 'సజెస్ట్' చేసి ఆమె కాదన్నాక ఒక్క కాగితమూ పెట్టకపోతే ఆ సజెషన్‌కు విలువ లేదు.

ఒక మాట ఎదురు చెప్పాలి. భర్వాడాను అందరూ ఉటంకిస్తారు, పైన కూడా ఉటంకించారు. తేడాల మీద ఆ తీర్పు బంగారం. అదే తీర్పులో, సంప్రదాయ భారత సమాజంలో ఆడపిల్ల ఇలాంటి విషయంలో అబద్ధం చెప్పడం అరుదు అన్న వాదన కూడా ఉంది. అదీ మూసపోత ఆలోచనే. 'మంచి కుటుంబపు భారత స్త్రీ' అచ్చులో ఇమిడినవాళ్లకు అది లాభం; ఒంటరిగా ఉండేవాళ్లకు, ముద్దాయితో ముందే స్నేహం ఉన్నవాళ్లకు అదే ఎదురు తిరుగుతుంది. రాజు వర్సెస్ మధ్యప్రదేశ్ (2008) దీన్ని కొంత సరిచేసింది: ఆమె మాటకు గాయపడిన సాక్షి మాటకున్నంత బరువు ఇవ్వాలి, అలాగని ప్రతి కేసులో ఆమె చెప్పిందంతా నిజమని ముందే ఊహించడానికి లేదు. నేనైతే అప్పీలు కాగితాల్లో భర్వాడాలోని తేడాల భాగం మాత్రమే వాడమంటాను.

మన దగ్గరి కేసు ఒకటి తప్పక చదవండి, పఠాన్ జమాల్ వలీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ (27 ఏప్రిల్ 2021). కర్నూలు జిల్లా. బాధితురాలికి పుట్టుకతోనే చూపు లేదు. ముద్దాయిని గొంతును బట్టి గుర్తుపట్టింది. అతను ఆమె అన్నదమ్ములతో కలిసి ఇంటికి వస్తూపోతూ ఉండేవాడు కాబట్టి గొంతు తెలుసు. చూపు లేనంత మాత్రాన ఆమె సాక్ష్యం ఒక మెట్టు కింద ఉండదని సుప్రీంకోర్టు చెప్పి అత్యాచారం శిక్ష నిలబెట్టింది. కులం కారణంగా నేరం జరిగినట్టు రుజువు కాలేదని ఎస్సీ ఎస్టీ చట్టం కింద శిక్ష మాత్రం తీసేసింది. ఒకే సాక్షిని పూర్తిగా నమ్ముతూనే ఆమె మాట ఎంతవరకు రుజువిస్తుందో గీత గీయడం అంటే అదీ.

కొత్తకోటు

చాలా ఉపయోగపడింది, అందరికీ థాంక్సండీ. రెండు మిగిలాయి. 'స్టెర్లింగ్' ముడి ఇంకా విడిపోలేదు. రెండోది, ఆమె కోర్టులో ఎదురు తిరిగితే? 164లో అన్నీ చెప్పి, బోనులో "నాకేం తెలీదు" అంటే ఆ 164 మీద శిక్ష నిలుస్తుందా?

పేపర్‌బుక్

రెండోది ముందు. 164 వాంగ్మూలం సాక్ష్యం కాదు. కోర్టులో చెప్పినదానికి ఆసరాగానో, ఎదురుగానో వాడొచ్చు (ఆర్. షాజీ, 2013). బోనులో ఏమీ చెప్పకపోతే ఆసరా ఇవ్వడానికి మాటే లేదు, కాబట్టి 164 ఒక్కటీ చాలదు. ఒక మినహాయింపు: బాధితురాలు వికలాంగురాలైతే, మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన ఆ వాంగ్మూలాన్నే చీఫ్‌గా తీసుకుంటారు, నేరుగా క్రాస్ నడుస్తుంది. అయితే ఆమె హాస్టైల్ అయిందంటే కేసు పోయినట్టేనని కూడా కాదు. హేముదాన్ గఢ్వీ (2018) చూడండి. 9 ఏళ్ల పిల్ల కోర్టులో ఎదురు తిరిగింది, సెషన్స్ వదిలేసింది, గుజరాత్ హైకోర్టు శిక్షించింది, సుప్రీంకోర్టు నిలబెట్టింది. మిగతా సాక్ష్యం అంత గట్టిగా ఉంది.

ఇక స్టెర్లింగ్. 1957 నాటి వడివేలు తేవర్‌కు వెళ్లండి. సాక్షులు మూడు రకాలు: పూర్తిగా నమ్మదగ్గవాళ్లు, అసలు నమ్మలేనివాళ్లు, ఈ రెంటికీ మధ్యవాళ్లు. మొదటి రకం ఒక్కరున్నా చాలు. రెండో రకం పదిమందున్నా దండగ. మూడో రకానికి మాత్రమే ఆసరా వెతకాలి. రాయ్ సందీప్‌లో స్టెర్లింగ్ అన్నది ఆ మొదటి రకానికి పెట్టిన పేరు, మొదట్నుంచి చివరిదాకా ఒకే మాట, క్రాస్‌కు చెదరకపోవడం, మిగతా రికార్డుతో సరిపోవడం. దాన్ని శిక్షకు కనీస అర్హతగా చదివితే గుర్మీత్ సింగ్ కొట్టుకుపోయినట్టే కదా, అలా ఎవరూ అనలేదు. రాయ్ సందీప్, సంతోష్ ప్రసాద్ రెండింట్లోనూ ఆసరా లేకపోవడమే సమస్య కాదు, ఉన్న రికార్డు ఆమె మాటకు అడ్డం పడింది. మీ కల్పిత కేసులో రికార్డు అడ్డం పడటం లేదు, ఊరికే మౌనంగా ఉంది. ఈ రెంటికీ తేడా చూపించగలిగితే ప్రభుత్వం వైపు వాదన నిలబడుతుంది. డిఫెన్స్ అయితే మౌనం కాదు, అడ్డమే అని చూపించాలి.

ఒంటారియో_గుంటూరు

పోల్చుకోడానికి కెనడా సంగతి చిన్నగా. ఇక్కడ అప్పీలు కోర్టు మన హైకోర్టులా సాక్ష్యం మళ్లీ తూచదు. ఎవరిని నమ్మాలన్నది ట్రయల్ జడ్జి పని. స్పష్టంగా కనిపించే, తీర్పునే మార్చేసే తప్పుంటే తప్ప కదపరు. 2024 మార్చి 8న వచ్చిన క్రుక్ తీర్పు దీని మీదే. తనలోకి చొచ్చుకురావడం తెలిసిందని ఆమె చెప్తే, ఆ స్పర్శ విషయంలో ఒక స్త్రీ పొరబడటం చాలా అరుదని ట్రయల్ జడ్జి అన్నారు. సాక్ష్యంలో లేని ఊహ అది, చట్టపరమైన తప్పు అని బ్రిటిష్ కొలంబియా అప్పీలు కోర్టు శిక్ష కొట్టేసింది. కెనడా సుప్రీంకోర్టు శిక్షను తిరిగి నిలబెట్టింది: ఫిర్యాదిదారుల మీద ఉన్న పాత అపోహల్ని వాడితే అది చట్టపరమైన తప్పే, మామూలు లోకజ్ఞానంతో చేసే ప్రతి ఊహనూ అలా అనలేం అంది. మన గుర్మీత్ సింగ్ జడ్జి కారు మోడల్ ఊహ ఇక్కడికొస్తే ఏ గూట్లో పడుతుందో ఆలోచించడం సరదాగా ఉంటుంది.

లీగల్‌ఎయిడ్‌బల్ల

ఆ ఊహ అపోహల గూట్లోనే పడుతుంది లెండి, కేకలు వెయ్యలేదన్నది మరీను. మన దగ్గర అపోహల జాబితాలో రెండు వేళ్ల పరీక్ష కూడా ఉంది. జార్ఖండ్ వర్సెస్ శైలేంద్ర కుమార్ రాయ్ (31 అక్టోబర్ 2022)లో హైకోర్టు విడుదలను తిరగేస్తూ, ఆ పరీక్ష చేసే డాక్టరు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని సుప్రీంకోర్టు చెప్పింది. పాత అప్పీళ్ల మెడికల్ సర్టిఫికెట్లలో ఆ పంక్తి ఇంకా కనిపిస్తుంది. డిఫెన్స్ దాన్ని చదవబోతే అక్కడే అభ్యంతరం చెప్పాలి. ఆమె వెనకటి లైంగిక అనుభవం సమ్మతి ప్రశ్నకు సంబంధం లేనిదని సాక్ష్య చట్టం 53ఏ (ఇప్పుడు బీఎస్ఏ 48) ఉంది.

డీ1_మార్క్

కొత్తకోటు గారూ, మీ కేసు మీద నా అంచనా అడిగారు కాబట్టి చెప్తాను. శిక్ష పడి ముద్దాయి అప్పీలుకొస్తే: 164లో కత్తి ఉండి, ఆలస్యానికి చీఫ్‌లో కారణం ఉంటే శిక్ష నిలుస్తుంది. కత్తి ఎక్కడా లేక, ఆ ఒమిషన్ దర్యాప్తు అధికారి ద్వారా రుజువై, గట్టు తగాదాకు ఫిర్యాదుకు నెలముందరి సూటు కాగితం ఉంటే సందేహ లబ్ధికి బాగా అవకాశం. విడుదల మీద బాధితురాలు వస్తే: తీర్పులో కేకలు, గాయాలు, ఆలస్యం తప్ప ఇంకేమీ లేకపోతే తిరగబడుతుంది. కత్తి ఒమిషన్‌ను సరిగ్గా చర్చించి ఉంటే తిరగబడటం కష్టం.

వాదనకు ముందు ఒక పట్టీ గీసుకోండి. అడ్డంగా ఫిర్యాదు, 161, 164, డాక్టరు హిస్టరీ, చీఫ్, క్రాస్. నిలువుగా ఒక్కో సంగతి: టైము, చోటు, ఎలా వచ్చాడు, ఏం బెదిరించాడు, ఆమె ఏమంది, తర్వాత మొదట ఎవరితో చెప్పింది. ప్రతి గడిలో పేపర్‌బుక్ పేజీ నంబరు, ఖాళీ ఉన్నచోట ఖాళీ. 161 కాలమ్‌లో రుజువు కాని వాక్యాల మీద గీత కొట్టేయండి, అవి ఎవరికీ పనికిరావు. 'మొదట ఎవరితో చెప్పింది' గడిని ఎక్కువమంది వదిలేస్తారు. ఆ మనిషిని విచారించి ఉంటే, ఘటన జరిగిన కాసేపటికే చెప్పిన మాట సాక్ష్య చట్టం 157 (ఇప్పుడు బీఎస్ఏ 160) కింద ఆసరాగా వస్తుంది. విచారించకపోతే డిఫెన్స్ అడిగే మొదటి ప్రశ్న అదే.

సెక్షన్ నంబర్లు: 2024 జులై 1 నాటికి పెండింగులో ఉన్న అప్పీళ్లు పాత కోడ్ కిందే నడుస్తాయి (బీఎన్ఎస్ఎస్ 531). రెండు నంబర్లూ రాస్తే రిజిస్ట్రీతో గొడవుండదు. రాతపూర్వక వాదనల్లో ఆమె పేరు, ఊరు, తండ్రి పేరు రాయకండి, పీడబ్ల్యూ 1 అనే రాయండి. ఐపీసీ 228ఏ (ఇప్పుడు బీఎన్ఎస్ 72), నిపుణ్ సక్సేనా (2018) రెండూ ఉన్నాయి. ఆ పట్టీని అనుబంధంగా పెడితే అందులో ఫిర్యాదు నుంచి కాపీ చేసిన ఇంటిపేరు ఎక్కడైనా మిగిలిందేమో ఇంకోసారి చూసుకోండి.